మూలకముల సంయోగాసక్తి

ముక్కుపుడక యొకటి అమ్మమ్మ నుండి తల్లికి, తల్లి నుండి కూతురికి వచ్చినను దాని బంగారము వన్నె తగ్గదు. ఆ యింటనే, ఆ గాలిలోనే, ఇనుప మూకుడును తడిగా నొక రాత్రి విడిచిపెట్టినచో తెల్లవారునప్పటికి ఎఱ్ఱని తుప్పు పట్టును. ఇత్తడి బిందె నాలుగు దినములు తోమనిచో మాసిపోవును. వెండి కుంకుమభరిణ నల్లబడును. అల్యూమినియపు గిన్నె మాత్రము ఏండ్ల తరబడి ఒకే బూడిదవన్నెతో నుండును. గాలి యొక్కటే, నీరొక్కటే, ఇల్లొక్కటే. లోహములు మాత్రము ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిగా నడచుకొనుచున్నవి. ఈ భేదమునకు కారణమేమి, దానికొక క్రమము కలదా, ఆ క్రమమును తెలిసికొనుటవలన గృహస్థునకు కలుగు ప్రయోజనమేమి అనునవి నేటి మా ప్రసంగవిషయములు. శ్రోతలలో రసాయనశాస్త్రము చదివినవారు కొందరుందురు. తెలిసిన సంగతులనే మరల చెప్పుచున్నందులకు వారు మన్నింతురుగాక. మేము ముఖ్యముగా మనసున నుంచుకొన్నది ఆ శాస్త్రముతో పరిచయము లేని ఇల్లాండ్రను, బావినీరు త్రాగు పల్లెవాసులను.

ప్రపంచమునందలి సమస్త పదార్థములును కొన్ని మూలకములతో నేర్పడినవి. ఇంతవరకు గుర్తింపబడిన మూలకములు 118. వీనిలో ఐదింట నాలుగు పాళ్ళు లోహములే. తక్కినవి అలోహములు, రెంటి గుణములును కొంత కొంత కలిగిన నడిమి తెగవారు కొందరు. 1869వ సంవత్సరమున రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు మెండలీయెవ్ నాటికి తెలిసిన మూలకములను పరమాణుభారములనుబట్టి వరుసగా నిలిపి చూడగా, ఒకే విధమైన గుణములు కొంత యెడమున మరల మరల వచ్చుచుండుట కానవచ్చెను. ఆయన కూర్చిన పట్టికయే ఆవర్తన పట్టిక. నేడది పరమాణుసంఖ్యనుబట్టి ఏడు అడ్డువరుసలు, పదునెనిమిది నిలువు వరుసలుగా నున్నది. మెండలీయెవ్ తన పట్టికలో కొన్ని గదులను ఖాళీగా నుంచి, అచట చేరవలసిన మూలకములు ఎట్టివై యుండునో ముందుగానే చెప్పెను. తరువాతి యేండ్లలో గాలియము, స్కాండియము, జెర్మేనియము దొరకి ఆయన మాటను నిలబెట్టినవి.

మూలకము మరియొక మూలకముతో కలియుట యనగా నేమి? పరమాణువు నడుమ ధనవిద్యుత్తు గల కేంద్రకము, దాని చుట్టును ఋణవిద్యుత్తు గల ఎలక్ట్రానులు పొరలు పొరలుగా నున్నవి. వెలుపలి పొరలోని ఎలక్ట్రానులే యితరులతో వ్యవహారము నడుపునవి. లోహము తన వెలుపలి ఎలక్ట్రానును ఇచ్చివేయ జూచును. అలోహము ఇతరుల ఎలక్ట్రానును గైకొన జూచును. ఇచ్చువాడు ఎంత సులభముగా నిచ్చునో, పుచ్చుకొనువాడు ఎంత ఆత్రముతో లాగుకొనునో, దానినిబట్టి వారి కలయిక నెమ్మదిగా జరుగుటయో, మంటలతో జరుగుటయో యుండును.

ఇక పట్టికలో నీ గుణము మారు తీరును చూతము. నిలువు వరుసలో క్రిందికి దిగినకొలది పరమాణువునకు పొరలు పెరుగును. వెలుపలి ఎలక్ట్రాను కేంద్రకమునకు దూరమగును. నడుమనున్న పొరలు అడ్డు నిలుచును. కావున దానిని విడుచుట సులభము. అందుచే ఎడమవైపు లోహములలో క్రిందివాడు పైవానికంటె తీవ్రుడు. అలోహముల విషయమున దీనికి సరిగా విపర్యయము. దూరమున నుండి లాగువానికి పట్టు తక్కువ; కాబట్టి అచట పైవాడే తీవ్రుడు. అడ్డువరుసలో ఎడమ నుండి కుడికి పోవునప్పుడు కేంద్రకపు విద్యుత్తు పెరుగును, పొరలు మాత్రము పెరుగవు. పరమాణువు బిగిసి చిన్నదగును. అందుచే ఇచ్చు గుణము తగ్గి పుచ్చుకొను గుణము హెచ్చును. పటమున ఎడమవైపు క్రింది మూల, కుడివైపు పై మూల అను రెండు మూలలును రెండు అగ్నికుండములని జ్ఞాపకముంచుకొనిన చాలును. పై మూలను ఫ్లోరిన్ అను వాయువు, క్రింది మూలను సీసియము అను లోహము ఉన్నవి. సీసియమునకు క్రింద ఫ్రాన్సియము కలదు గాని, అది రేడియోధార్మికమై నిమిషములలో నశించునది. 1939లో మార్గరిట్ పెరే అను ఫ్రెంచి విదుషి దానిని కనుగొనెను. చూచుటకే దొరకని దానిని పరీక్షించుట ఎట్లు?

ఎడమ చివరి నిలువు వరుసలోని లోహములను క్షారలోహములందురు. వీనిని మానవుడు లోహరూపమున మొట్టమొదట చూచినది 1807వ సంవత్సరమున. ఇంగ్లండున హంఫ్రీ డేవీ యను యువశాస్త్రజ్ఞుడు పొటాషును కరిగించి దానిగుండ విద్యుత్తును ప్రవహింపజేసెను. పాదరసపు బిందువులవంటి మెరుపుగల గుండ్లు పుట్టి, కొన్ని పైకి రాగానే పేలి మండెను. డేవీ ఆనందము పట్టజాలక గదియంతయు గంతులు వేసెనని ఆయనకు తోడుగా నున్న పినతండ్రి కుమారుడు ఎడ్మండ్ డేవీ చెప్పియున్నాడు. అది పొటాసియము. మరికొన్ని దినములకే సోడియమును గూడ ఆయన వేరుచేసెను.

సోడియమును చాకుతో వెన్నవలె కోయవచ్చును. కోసిన ముఖము వెండివలె తళుక్కుమని చూచుచుండగనే మసకబారును. దానిని కిరసనాయిలులో ముంచి దాచుదురు. నీటిలో చిన్న ముక్క వేసినచో బుసకొట్టుచు నీటిపైన పరుగులు తీసి కరగిపోవును. ఉదజని వాయువు వెలువడును, మిగిలిన నీరు కాస్టిక్ సోడా ద్రావణమగును. పొటాసియమైనచో ఆ ఉదజని వెంటనే యంటుకొని ఊదారంగు జ్వాలతో మండును. పైనున్న లిథియము వీనికంటె శాంతుడు. క్రిందనున్న రుబీడియము, సీసియములను నీటిలో వేయుట పేలుడు పదార్థమును వేయుటయే. సీసియము 28.5 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును. మన దేశపు ఎండలలో దానిని గాజుగొట్టమున మూసియుంచినను ద్రవముగనే యుండును. గాలి తగిలినచో దానంతటదియే మండును. కళాశాలలలో పిల్లలు వేడుకకై సోడియపు ముక్కలను జేబున వేసికొని వచ్చుట వినుచుందుము. చెమట చాలును అది మండుటకు. ఉపాధ్యాయులును, తలిదండ్రులును ఈ వేడుకను ఎంతమాత్రమును సహింపరాదు.

మూడవ అడ్డువరుసను ఒకమారు ఎడమ నుండి కుడికి నడచి వత్తము. సోడియము తరువాత మెగ్నీషియము: చన్నీటితో దాని వ్యవహారము మిక్కిలి నెమ్మది, కాని మండించినచో కన్నులు మిరుమిట్లుగొలుపు తెల్లని వెలుగునిచ్చును. దీపావళి బాణసంచాలోని తెల్లవెలుగు కొంత దీని చలువయే. పిమ్మట అల్యూమినియము, దాని కథ వేరుగా చెప్పెదము. తరువాత సిలికాను, ఇసుకకు మూలమైనది. ఇది లోహమును కాదు, పూర్తిగా అలోహమును కాదు. ఆ తరువాత భాస్వరము. తెల్లభాస్వరమును నీటిలో దాచుదురు. సోడియమునకు నీరే శత్రువు. భాస్వరమునకు నీటితో వైరము లేదు, గాలిలోని ఆమ్లజనితోనే ఆత్రము. ఇద్దరికిని గాలి పడదు గాని, దాచు చోటు మాత్రము తారుమారు చేసినచో ప్రమాదము. ఆ వెనుక గంధకము, క్లోరిన్. చివర ఆర్గాన్, దాని పేరునకు గ్రీకుభాషలో సోమరి యని యర్థము. గాలిలో నూటికి ఇంచుమించు ఒక పాలు ఈ సోమరియే. మనము దినమెల్ల పీల్చి విడుచుచున్నను అది మనతో నేమియు పనిపెట్టుకొనదు.

ఈ నడకలో మరియొక మార్పును మన ఇల్లాండ్రకు బాగుగ తెలిసినదే. పసుపులో సున్నము కలిపినచో ఎఱ్ఱబడి పారాణి యగును గదా. సున్నము కాల్షియమను లోహమునకు పుట్టినది. లోహముల ఆక్సైడులు నీట కరగినచో పసుపును ఎఱ్ఱజేయు క్షారములగును. గంధకము, భాస్వరము మొదలగు అలోహముల ఆక్సైడులు పుల్లని ఆమ్లములగును. ఆ ఎఱ్ఱబడిన పసుపుపై నిమ్మరసము పిండినచో మరల పచ్చబడును. ఇంతకంటె చవుకైన ప్రయోగశాల యెక్కడ దొరకును?

ఇంతవరకు చెప్పిన నియమము పట్టికకు ఇరుప్రక్కల చక్కగా నడచును. నడిమి భాగమున, అనగా ఇనుము, రాగి, వెండి, బంగారము, పాదరసము ఉన్న చోట, తలక్రిందులగును. రాగి, వెండి, బంగారము ఒకే నిలువు వరుసవి. క్షారలోహముల మాదిరి చూచినచో అన్నిటికి క్రిందనున్న బంగారమే మిక్కిలి తీవ్రము కావలెను. కాని అదియే అందరికంటె శాంతము. అచట కేంద్రకపు విద్యుత్తు మిక్కిలి పెరిగినను లోపలి ఎలక్ట్రానులు దానికి తగినంత అడ్డు నిలువలేవు. అంతేగాక, అంత బరువైన కేంద్రకము చుట్టు తిరుగు ఎలక్ట్రానుల వేగము కాంతివేగమున చెప్పుకొనదగినంత భాగమగుటచే ఐన్‌స్టీన్ సిద్ధాంతము ననుసరించి వెలుపలి ఎలక్ట్రాను మరింత లోనికి లాగబడును. బంగారపు పసుపు వన్నెకును ఈ కారణమే యని శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. నియమములను కంఠస్థము చేయించు పాఠ్యపుస్తకములు ఈ మినహాయింపును ఒక్క వాక్యముతో దాటవేయుట మాకు నచ్చదు. ఇంటింట ఉన్న లోహములలో ముఖ్యమైనవన్నియు ఆ మినహాయింపులోనివే గదా.

లోహములను వాని చురుకుదనమునుబట్టి పై నుండి క్రిందికి పేర్చినచో ఈ వరుస వచ్చును: పొటాసియము, సోడియము, కాల్షియము, మెగ్నీషియము, అల్యూమినియము, జింకు, ఇనుము, తగరము, సీసము, ఆ తరువాత ఉదజని, దాని క్రింద రాగి, వెండి, బంగారము. పైవాడు క్రిందివానిని వాని లవణము నుండి వెడలగొట్టును. మైలుతుత్తము కరగిన నీటిలో ఇనుప మేకును వేసి కొంతసేపు చూడుడు. మేకునకు రాగిపూత పట్టును, నీటి నీలిరంగు తగ్గును. ఇనుము కరగి, రాగి బయటపడినదన్నమాట.

ఈ వరుసను తలక్రిందులు చేసినచో, ఇంచుమించుగా మానవుడు లోహములను సంపాదించిన చరిత్ర అగును. బంగారము ఎవరితోను కలియదు గనుక ఏటి ఇసుకలో బంగారముగనే దొరకెను. రాగి కొంత స్వేచ్ఛగా, కొంత రాళ్ళలో దొరకెను. బొగ్గుల వేడి దానికి చాలెను. ఇనుమును రాతినుండి విడదీయుటకు మరింత వేడియు, నేర్పును కావలసివచ్చినవి. ఆ నేర్పులో మనవారు వెనుకబడినవారు కారు. నిజామాబాదు సీమలోని కోనసముద్రము ఉక్కునకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము. జింకు విషయము మరియు చిక్కు: దానిని ఖనిజము నుండి విడదీయుటకు కావలసిన వేడి, అది ఆవిరియగు 907 డిగ్రీలకంటె హెచ్చు. ఆవిరియై పైకి వచ్చి గాలి తగిలి మరల బూడిదయగును. రాజస్థానమున జావర్ గనులవద్ద ప్రాచీనులు మట్టిమూసలను తలక్రిందులుగా నిలిపి, ఆ ఆవిరిని క్రిందనున్న చల్లని పాత్రలోనికి దింపి పట్టిరి. యూరపుఖండమున పదునెనిమిదవ శతాబ్దము వరకు ఈ పరిశ్రమ లేదు.

అల్యూమినియమునకు బొగ్గు సరిపోలేదు. అది భూమి పైపొరలోని లోహములలో నెల్ల అధికమైనది. మన విశాఖ మన్యపు కొండలమీదను దాని ఖనిజమగు బాక్సైటు విస్తారముగా నున్నది. అయినను ఆమ్లజనితో దాని బంధము గట్టిది. 1854లో ఫ్రాన్సున దెవిల్ అను నాతడు సోడియము నుపయోగించి అల్యూమినియమును తీయు పద్ధతిని స్థిరపరచెను. సోడియము చేయుటయే ఖర్చుతో గూడిన పని యగుటచే అల్యూమినియము వెండితో సమానముగా విలువ గలదై యుండెను. 1884లో అమెరికా రాజధానిలోని వాషింగ్టన్ స్మారకస్తంభమునకు శిఖరముగా అమర్చినది నూరు ఔన్సుల అల్యూమినియపు దిమ్మె. రెండేండ్లకే, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అను యువకులు ఒకరి నొకరెరుగకయే విద్యుత్తుతో దానిని చవుకగా తీయు మార్గమును కనుగొనిరి. వారిద్దరును 1863లో పుట్టి 1914లో గతించుట విచిత్రము. నాటి శిఖరలోహము నేడు ప్రతి యింటి అటకమీద నున్నది. మనవారు దానికి సత్తు అనియు, కొన్ని జిల్లాలలో సిలవరు అనియు పేర్లు పెట్టుకొన్నారు. సత్తు అను మాట పూర్వము తగరము కలిసిన మిశ్రమలోహమునకు చెల్లుచుండెను. సిలవరు అనిన వెండి. రెండు పేర్లును దానివి కావు.

చురుకుదనములో ఇనుమునకంటె మీదనున్న అల్యూమినియము తుప్పుపట్టక, ఇనుమేల తుప్పుపట్టవలెను? అల్యూమినియము గాలి తగిలిన క్షణముననే ఆమ్లజనితో కలిసి తనపై కంటికి కానరాని పలుచని పొరను కప్పుకొనును. ఆ పొర గట్టిగా నంటుకొని లోపలి లోహమును కాపాడును. ఇనుపతుప్పు వదులైనది, పెళ్ళలుగా రాలి, లోపలి ఇనుమును మరల గాలికిని నీటికిని ఒప్పగించును. కావున అల్యూమినియము శాంతమైనది కాదు, కవచము తొడిగికొన్నది. ఆ కవచమును చింతపండు పులుపు కొంతయు, బట్టల సోడా, సున్నపునీరు మిక్కిలిగను కరగించును. అల్యూమినియపు పాత్రలో పులుసు కాచుట యొక యెత్తు, దానిలోనే రాత్రియంతయు నిలువయుంచుట మరియొక యెత్తు. మొదటిది తప్పనిచో చేయవచ్చును. రెండవది మానుట మేలు. బూడిదయో సోడాయో వేసి ఉడికించుచు వానిని తోముటయు మంచిది కాదు.

ఇనుమును కాపాడుటకు జింకుపూత పూయుదురు. జింకు ఇనుముకంటె చురుకైనది గనుక, పూత ఒకచోట గీచుకొనిపోయినను, తాను ముందుగా కరగి ఇనుమును నిలుపును. ఇంటికప్పు రేకులు ఈ త్యాగముమీదనే నడచుచున్నవి. తగరపు పూత యట్లు కాదు. తగరము ఇనుముకంటె శాంతమైనది. డబ్బాకు సొట్టపడి వెలుపల పూత చిట్లినచోట ఇనుము త్వరగా తుప్పుపట్టుట మనమెరిగినదే.

రాగి, ఇత్తడి పాత్రల సంగతి ప్రతి గృహిణికిని తెలియదగినది. రాగి ఉదజనికి క్రిందనున్నది. కావున పులుపు ఒక్కటియే దానిని కరగింపజాలదు. గాలిలోని ఆమ్లజని తోడైనప్పుడే, అదియు మెల్లగా, కరగించును. చింతపండుతో బిందె తోమినప్పుడు కరగునది పైనున్న చిలుమే, అడుగున నున్న లోహము చాలవరకు నిలుచును. కాని కళాయి లేని పాత్రలో పులుసో, పెరుగో, ఊరగాయయో గంటల తరబడి నిలువయున్నచో పులుపునకు గాలి తోడుగా కావలసినంత వ్యవధి దొరకును. రాగి లవణములు ఆహారమున చేరును. దానివలన కడుపులో త్రిప్పుట, వాంతులు కలుగును. పిల్లలకు ముప్పు మరియు హెచ్చు. మన పెద్దలు ఏటేట కళాయి వేయించుట ఇందులకే. పాత్రను కాల్చి, నవాసాగరము చల్లి, తగరమును గుడ్డతో రుద్దుదురు. నవాసాగరము వేడికి పాత్రపైనున్న ఆక్సైడును తొలగించును. శుభ్రమైన లోహముపై తగరము చక్కగా పరచుకొనును. వీధిలో కళాయిపోయుడన్న కేక నేడు అరుదైపోయినది. ఇత్తడి పాత్రలు మాత్రము అలంకారముగా మరల ఇండ్లకు చేరుచున్నవి. అలంకారమునకైనచో చింత లేదు. వంటకైనచో కళాయి తప్పదు. ఒక్క హెచ్చరిక: తగరము ఖరీదైనది, సీసము చవుక. రెంటిని కలిపి పూసినను చూపునకు తేడా తెలియదు. సీసము శరీరమున పేరుకొని పిల్లల మెదడునకు కీడుచేయు విషము. నమ్మకమైన పనివానిచేత, శుద్ధ తగరముతో చేయించుకొనవలెను.

హైదరాబాదు సంస్థానమున 1956 వరకు చేరియున్న బీదరు పట్టణపు బిదిరీ పనియు ఈ చురుకుదనపు తేడాపై నాధారపడినదే. జింకు హెచ్చుగాను రాగి కొద్దిగాను కలిసిన పాత్రపై వెండితీగెలు పొదిగి, బీదరు కోట మట్టిని నవాసాగరముతో కలిపి పూయుదురు. పాత్ర కాటుకవలె నల్లబడును, వెండి తెల్లగనే నిలుచును. ఆ వెండి గూడ గాలిలోని గంధకపు వాయువులకు మాత్రము లొంగును. భరిణ నల్లబడుటకు హేతువదే. ఒక గిన్నెలో అల్యూమినియపు రేకు పరచి, వేడినీరు, తినుసోడా వేసి, నల్లబడిన వెండిని రేకునకు తగులునట్లు ముంచినచో కొద్ది నిమిషములలో తెల్లబడును. సోడా రేకు కవచమును సడలించును. అల్యూమినియము తన ఎలక్ట్రానులను వెండికిచ్చి, గంధకమును దానిని విడువజేయును. తోమి అరుగగొట్టుటకంటె ఇది మేలు, వెండి తరుగదు.

ఇక కుడిమూలకు వత్తము. అచట నిలువు వరుసలో ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ కలవు. మొదటి రెండును వాయువులు, మూడవది ద్రవము, నాలుగవది ఘనము. పైవాడు క్రిందివానిని లవణము నుండి వెడలగొట్టును. లోహముల వరుసలో చూచిన న్యాయమే యిచటను. ఫ్లోరిన్‌ను వెడలగొట్టగల రసాయనమే లేకపోవుటచే పందొమ్మిదవ శతాబ్దమున అనేకులు దానికై పాటుపడి విఫలులైరి. ఐర్లండున నాక్స్ సోదరులు రోగపీడితులైరి. బెల్జియమున లూయే, ఫ్రాన్సున నిక్లే ప్రాణములనే కోల్పోయిరి. 1886 జూన్ 26వ తేదీన పారిసులో ఆన్రీ మోయిసాన్ ప్లాటినము, ఇరిడియము కలిసిన గొట్టమున నీరు లేని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమును మిక్కిలి చల్లబరచి, విద్యుత్తు ప్రవహింపజేసి ఆ వాయువును పట్టెను. దానిలో సిలికాను తగులగనే మండెను. శాస్త్రపరిషత్తు పంపిన పెద్దలు చూడ వచ్చిన దినమున మాత్రము యంత్రము పనిచేయలేదు. కారణమేమన, పెద్దల యెదుట చూపుటకై మోయిసాన్ ఆమ్లమును అతిశుద్ధము చేసెను. శుద్ధమైన ఆమ్లమున విద్యుత్తు పారదు. కొంచెము పొటాసియము ఫ్లోరైడు కలుపగా తరువాత చక్కగా జరిగినది. 1906లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి. కొలది మాసములకే, 1907 ఫిబ్రవరిలో, ఆయన మరణించెను.

ఇంతటి ఉగ్రమైన ఫ్లోరిన్ ఒక ఎలక్ట్రానును గైకొని ఫ్లోరైడు అయినంతనే ఆకలి తీరినదై శాంతించును. సోడియము, క్లోరిన్ రెండును ప్రాణాంతకములు, వాని కలయిక మన వంటయింటి యుప్పు. శాంతించినది గదా యని మాత్రము ఫ్లోరైడును పూర్తిగా విశ్వసింపరాదు. దానికి కాల్షియముపై మక్కువ మిక్కుటము. మన యెముకలు, పండ్లు కాల్షియముతో కట్టినవి. మితముగా చేరినచో పండ్లను గట్టిపరచును. మితిమీరినచో పండ్లకు గారపట్టించి, యెముకలను బిగదీసి, నడుమును వంచివేయును. ఈ వ్యాధి నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో నున్నట్లు 1937లో వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లా దుస్థితి తెలుగువారిలో తెలియనివారు లేరు. అచటి గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరిన్ ఖనిజములు నీటిలో కొంచెముగా కరగును. నీటిలో కాల్షియము తగినంత యున్నచో ఫ్లోరైడు దానితో కూడి అడుగంటును. కాల్షియము తక్కువైన నీటిలో అది నిలిచిపోవును. రాళ్ళ నడుమ చిరకాలము నిలిచిన లోతుబోరు నీటిలో పరిమాణము హెచ్చుగ నుండుట ఇందుచేతనే.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల నుండుట మంచిదనియు, వేరు దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్వవచ్చుననియు మన దేశపు ప్రమాణము. నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని కొందరి నమ్మకము. అది పొరపాటు, కాచినకొలది నీరు ఆవిరియై తగ్గును, ఫ్లోరైడు మిగిలి చిక్కబడును. గుడ్డతో వడగట్టినను ప్రయోజనము లేదు. 1970వ దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థవారు నల్లగొండ పేరనే యొక పద్ధతిని రూపొందించిరి. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి తగు పాళ్ళలో కలిపి కదిపి నిలువయుంచుదురు. పటికలోని అల్యూమినియము తెలికలుగా విరిగి, ఫ్లోరైడును తనతో పట్టుకొని అడుగున చేరును. పాళ్ళు తప్పినచో నీటిలో అల్యూమినియమే మిగిలిపోవును; కావున ఇది అంచనాతో చేయు పని కాదు. తెలంగాణమున 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము నదీజలమును ఇంటింటికి చేర్చుటకై యుద్దేశింపబడినది. కుళాయినీరు వచ్చినను రుచి బాగున్నదని బోరునీటినే త్రాగువారికి మేము చెప్పునదొక్కటే: ఫ్లోరైడునకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. నీటిని పరీక్ష చేయించక త్రాగవలదు. ముఖ్యముగా పాలుత్రాగు వయసు దాటి పండ్లు వచ్చుచున్న బిడ్డలకు ఆ నీరు పోయవలదు.

క్లోరిన్‌ను గూర్చియు ఒక మాట. బావిలో వేయు బ్లీచింగు పొడి, బట్టలకు వాడు తెల్లద్రవము క్లోరిన్‌ను లోపల నణచిపెట్టుకొన్నవి. మరుగుదొడ్లు కడుగు యాసిడ్‌ను వీనితో కలిపినచో అణగియున్న క్లోరిన్ ఒక్కపెట్టున వెలువడును. 1915లో బెల్జియమున ఈప్ర్ యుద్ధభూమిని వేలకొలది సైనికులపై విడిచిన వాయువు అదియే. రెండు సామగ్రులు కలిసిన శుభ్రత హెచ్చునని తలచి, తలుపు మూసిన చిన్నగదిలో వీనిని కలుపుట కడు ప్రమాదకరము. ఒకనాడు ఒకటి, మరియొకనాడు మరియొకటి వాడుకొనవచ్చును. పొరపాటున కలిసినచో వెంటనే వెలుపలికి వచ్చి గాలి ఆడునట్లు తలుపులు తెరువవలెను. పనిమనుషులకు ఈ సంగతి తప్పక చెప్పుడు. సీసాలపైనున్న హెచ్చరికలు ఆంగ్లమున సన్నని అక్షరములతో నుండును.

మాకొసగిన సమయము కొద్దిగనే మిగిలినది. పట్టికకు కుడి కొసన నున్న జడవాయువులను చూచి ముగింతము. వీని వెలుపలి పొర నిండియున్నది. ఇచ్చుటకు లేదు, పుచ్చుకొనుటకు చోటు లేదు. వీనిలో మొదటిదగు హీలియము మన గుంటూరును స్మరింపజేయును. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని పట్టకముతో విడదీసి చూచి, గ్రహణము లేని దినములందును వానిని చూడవచ్చునని గ్రహించి, మరునాడే యట్లు చూచెను. ఆ గ్రహణమున అగుపించిన పసుపురేఖను సోడియపు రేఖయని పలువురు తలచిరి. అక్టోబరులో ఇంగ్లండునుండి లాకియర్ స్వయముగా పరిశీలించి, అది సోడియపు రేఖకు సమీపమే గాని అదియే కాదని తేల్చెను. గ్రీకుభాషలోని సూర్యశబ్దమునుబట్టి హీలియమను పేరు వెలసినది. లోహముల పేళ్ళకు చేర్చు తోకయే దానికిని చేర్చిరి. 1895లో రామ్సే యురేనియపు ఖనిజమొకదాని నుండి దానిని భూమిమీద వేరుచేయు వరకు, అది లోహము కాదనియు, ఎవరితోను కలియని వాయువనియు రూఢి కాలేదు.

ఎవరితోను కలియవన్న మాటయు అరువదియేడేండ్లకు సడలినది. 1962లో కెనడాలోని వాంకూవరున నీల్ బార్ట్‌లెట్ ప్లాటినము హెక్సాఫ్లోరైడను పదార్థము ఆమ్లజని నుండియే ఎలక్ట్రానును లాగుట చూచి, క్సీనాన్ వాయువునకును ఆమ్లజనికిని ఎలక్ట్రానును విడుచుటలో శ్రమ ఇంచుమించు సమానమని లెక్కవేసి, రెంటిని కలుపగా పసుపుపచ్చని ఘనము ఏర్పడెను. క్సీనాన్ క్రింది వరుసలోనిది, దాని పట్టు సడలినది. మనము మొదట చెప్పుకొన్న నియమము జడవాయువులందును నడచుచున్నదన్నమాట. హీలియము మాత్రము చిరకాలము లొంగలేదు. 2017లో శాస్త్రజ్ఞులు రెండు వజ్రముల మొనల నడుమ వాతావరణపు ఒత్తిడికి పదకొండు లక్షల రెట్లు మించిన ఒత్తిడి కలిగించినప్పుడు, అది ఒక లోహముతో జతగూడి స్ఫటికమై నిలిచినట్లు ప్రకటించిరి. ఆ లోహము సోడియము.